పందొమ్మిదో వరుస మీద ఇర్మెలి పేరు

ఇర్మెలి కెంపైనెన్ మొదటి గెలుపు నలభై రెండో ప్రయత్నంలో వచ్చింది. 2017 ఫిబ్రవరిలో, సున్నాకు ఇరవై ఎనిమిది డిగ్రీల కింద చలి ఉన్న ఒక మంగళవారం, మా ఊరు కయానీలో మంచు తీసే బళ్ళకు దారి చూపే ప్రోగ్రామును ఆవిడ కంటెయినర్ ఇమేజ్‌గా కట్టి నడిపించింది. ప్రోగ్రామునూ దానికి కావలసిన సరంజామానూ ఒకే పెట్టెలో సర్ది, ఆ పెట్టెను ఏ ఊరి కంప్యూటర్లో దించినా ఒకే తీరున నడిచేలా చెయ్యడం ఆ పని. నలభై ఒక్కసార్లు నడవలేదు. ఒకసారి మ్యాపులు రాలేదు. ఒకసారి ఊళ్ళ పేర్లలో అక్షరాల మీద ఉండే చుక్కలన్నీ ప్రశ్నార్థకాలై కూర్చున్నాయి. ఒకసారి పెట్టె లేచి, పదకొండు సెకన్లు బతికి, చెప్పాపెట్టకుండా పడిపోయింది. నలభై రెండోసారి లేచిన పెట్టె మాత్రం మంచు అంతా కరిగి రోడ్లు కనబడేదాకా పడలేదు. అప్పటికి ఆవిడకు యాభై ఏళ్ళు.

ఆవిడ చేసినవి ఇంకా చెప్పాలి. చెప్పకపోతే ఈ ఏడు జూన్‌లో ఆవిడకు జరిగిన అవమానం ఏపాటిదో తెలియదు. ఇరవయ్యో ఏట మా కాగితం మిల్లు ప్రయోగశాలలో చేరింది. ఇరవై రెండేళ్ళు కాగితం తూచింది. కాగితాన్ని వేళ్ళ మధ్య రుద్ది చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పేది. యంత్రం చెప్పినదానికీ ఆవిడ చెప్పినదానికీ తేడా వస్తే ముందు యంత్రాన్ని సరిచూసేవాళ్ళు. మిల్లు మూసేశాక, నలభై రెండేళ్ళ వయసులో, ఇరవై ఏళ్ళవాళ్ళ పక్కన కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. ఆ తరగతిలో ఒక్క రోజు కూడా మానని మనిషి ఆవిడొక్కతే. ఒకే శరత్కాలంలో తొంభై లీటర్ల ఎర్ర బెర్రీలు ఒంటిచేత్తో ఏరింది. యాభై ఐదో ఏట స్కీల మీద అరవై కిలోమీటర్లు పోయి, మర్నాడు ఉదయం ఎనిమిదికి తన కుర్చీలో ఉంది. 2017 నుంచి పధ్నాలుగు పట్టణాలకు పెట్టెలు కట్టింది. తొమ్మిది చలికాలాల్లో ఆవిడ పెట్టె వల్ల ఒక్క మంచు బండీ దారిలో ఆగలేదు.

అలాంటి మనిషిని పన్నెండుమంది ముందు కూర్చోబెట్టి, ఊడ్చాల్సింది ఊడ్చలేదని కాగితం చదివారు.

సంగతి ఇది. జూన్ నాలుగున, గురువారం, ఒక పట్టణంవాళ్ళు నియమించుకున్న తనిఖీ అధికారి నుంచి ఉత్తరం వచ్చింది: ఏప్రిల్‌లో మీరు పంపిన పెట్టెలో తాళంచెవి ఫైలు దొరికింది, అని. తాళంచెవి అంటే నాలుగు వరుసల అక్షరాలు, అంతే. పెట్టె కట్టేటప్పుడు సర్వర్ నుంచి మ్యాపులు తెచ్చుకోవడానికి దాన్ని లోపల పెడతారు, పని కాగానే డిలీట్ చేస్తారు. చెయ్యకపోతే, పెట్టె ఎవరి చేతికి చిక్కితే వాళ్ళు ఆ సర్వర్‌ను తెరవొచ్చు. అక్కడ ఎవరి వాకిట్లో మంచు ముందు తియ్యాలో ఆ ఇళ్ళ జాబితా ఉంది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ, చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్ళ చిరునామాలు, తలుపు కోడ్‌లతో సహా.

పెట్టె ఎలా కట్టాలో ఒక ఫైలులో వరుసలుగా రాసి ఉంటుంది. వాటిలో చిట్టచివరిది పందొమ్మిదోది. తాళంచెవినీ, మ్యాపులు వచ్చిన మూటనూ డిలీట్ చెయ్యమని చెప్పేది ఆ వరుసే. దాని పక్కన రాసినవారి పేరు ఇర్మెలి కెంపైనెన్ అని ఉంది. పైవాళ్ళకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

సోమవారం పొద్దున వారపు సమావేశంలో మేనేజరు ఓస్కారి పీరైనెన్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ కూర్చునే మాట్లాడే మనిషి. పదహారేళ్ళుగా ఇర్మెలిని నువ్వు అంటున్నవాడు ఆ రోజు మీరు అన్నాడు. మా వైపు మనిషిని అలా పిలిచారంటే తలుపు మొహం మీద వేసినట్టే.

"ఇర్మెలి కెంపైనెన్, మీకు రాతపూర్వక హెచ్చరిక ఇస్తున్నాం," అని కాగితం చూసి చదివాడు. "డిలీట్ చెయ్యాల్సిన రహస్య ఫైలును డిలీట్ చెయ్యకుండా పంపినందుకు. ఇకమీదట పెట్టెలు కట్టే పని మీ దగ్గర ఉండదు. కింద సంతకం పెట్టండి."

"ఓస్కారి," అంది మర్యుక్క హెయ్కురా. ఆవిడ ఉద్యోగుల సంఘం తరఫు మనిషి, మిల్లు రోజుల నుంచీ ఇర్మెలికి తోడు. "ఇవాళ నీ గొంతేంటి పాస్టరు గొంతులా ఉంది? ఎవరన్నా పోయారా?"

"పద్ధతి ప్రకారం చదువుతున్నా."

"పద్ధతి ప్రకారం అయితే ముందు నన్ను పిలవాలి. తర్వాత తలుపు వెయ్యాలి. ఊరందరి ముందూ చదవమని ఏ పద్ధతిలో ఉందో చూపించు, నేనూ నేర్చుకుంటా."

ఓస్కారి మెడ ఎర్రబడింది. ఇర్మెలి, మా వైపు అలవాటు ప్రకారం కాఫీలో నానేసిన కాల్చిన జున్ను ముక్కను చెంచాతో తీసి, నిదానంగా నమిలి మింగి, అప్పుడు నోరు తెరిచింది.

"నేను డిలీట్ చేశాను."

"ఫైలు అక్కడ ఉంది కదా, ఇర్మెలి." మీరు అనడం అప్పుడే మరిచిపోయాడు.

"డిలీట్ చేశాను. పందొమ్మిదో వరుస చూడు."

"తనిఖీ ఆయన కళ్ళారా చూశానంటున్నాడు. నువ్వేమో తీసేశానంటున్నావ్. ఇద్దర్లో ఎవరిది అబద్ధం?"

"ఆ మాట ఇంకోసారి అను," అంది ఇర్మెలి, గొంతు పెంచకుండానే. "మర్యుక్క రాసుకుంటుంది."

ఓస్కారి కాగితాన్ని ఆవిడ ముందుకు జరిపాడు. గోడ మీది తెరలో, హెల్సింకిలో కూర్చుని ఉన్న ఏలిస్ వార్తియా గొంతు సవరించుకున్నాడు. శీతాకాలం నుంచి సంస్థ అతన్ని సలహాదారుగా పెట్టుకుంది. "పాత పెట్టె పొరపాటున వెళ్ళిపోయి ఉంటుంది, ఆ వరుస రాయకముందుది. ఎవరికైనా జరుగుతుంది, ఇర్మెలి," అన్నాడు. మంచిగానే అన్నాడు. ఆ మంచితనం ఆవిడకు పుండు మీద కారంలా తగిలింది. ఎవరికైనా జరగొచ్చు. తనకు జరగలేదు.

ఆవిడ కలానికి మూత పెట్టి కాగితం మీద అడ్డంగా ఉంచింది. "నేను చెయ్యని తప్పు నా పేరు మీద ఉండదు. గురువారం కాఫీ వేళకు అందరూ ఇక్కడే ఉండండి," అని లేచి వెళ్ళింది.

పెట్టెలు కట్టి పంపే హక్కు తీసేశారు గాని, ఉన్న పెట్టెలను తెరిచి చూసే హక్కు తియ్యాలని ఎవరికీ తట్టలేదు. ఇర్మెలి ఏప్రిల్ పెట్టెను తన యంత్రం మీద దించి నడిపింది. తనిఖీ ఉత్తరంలో చెప్పిన చోట చూసింది. ఫైలు లేదు. పెట్టె మొత్తం వెతికింది. లేదు. ఏలిస్ అన్నట్టు పాత పెట్టే వెళ్ళి ఉంటే అది కళ్ళెదుట కనబడాలి, కాబట్టి ఆ మాట కొట్టేసింది. కట్టిన రోజు లాగ్ తీసింది. పందొమ్మిదో వరుస నడిచింది, ఒక్క తప్పు కూడా చూపలేదు. దాచి ఉంచిన పాత ముక్కలేవీ వాడుకోవద్దని చెప్పి, మొదటి వరుస నుంచి తన యంత్రం మీదే, ఎవరికీ పంపకుండా, మళ్ళీ కట్టి చూసింది. ఫైలు అప్పుడూ లేదు.

మంగళవారం అంతా అలాగే పోయింది. లేనిది లేదనే కనబడుతోంది, ఉందని మాత్రం అంటున్నారు. మధ్యాహ్నం ఆవిడకు తనిఖీ అధికారి మీద అనుమానం వచ్చింది. కళ్ళద్దాలు మార్చుకోమంటూ ఘాటుగా ఉత్తరం రాసింది. రాసి, చదువుకుని, పంపకుండా వదిలేసింది. ఎదుటివాణ్ణి చూడకుండానే అబద్ధమాడాడనడం ఎంత తేలికో తెలిసింది. తనను అన్నవాళ్ళ మీద కోపం అందువల్ల తగ్గలేదు, ఇంకా పెరిగింది. తను పంపకుండా ఆగింది, వాళ్ళు ఆగలేదు.

బుధవారం పొద్దున ఆవిడ వెతకడం మానేసి తూచడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ళు చేసిన పని అదే కదా. తాళంచెవి ఫైలు తూకానికి అందేది కాదు, చిటికెడంత. కాని అదే వరుస డిలీట్ చేసే మ్యాపుల మూట ఉంది, రెండువందల పన్నెండు మెగాబైట్లు. పద్దెనిమిదో వరుస అయ్యేసరికి పెట్టె బరువు ఎంతో చూసింది. పందొమ్మిదోది అయ్యాక చూసింది. రెండువందల పన్నెండు తగ్గాలి. తగ్గకపోగా కాస్త పెరిగింది, వెంట్రుకవాసి.

ఇర్మెలి కుర్చీలో వెనక్కి వాలింది. ఎంత ఊడ్చినా బరువు తగ్గకుండా ఉండాలంటే చెత్త ఇంట్లోనే ఉండాలి.

పెట్టెను నడపకుండా, కట్టలు విప్పినట్టు విప్పింది. రాసిన ప్రతి వరుసా ఒక పొర అవుతుంది, పొర మీద పొర పేర్చితే పెట్టె. ఒక్కో పొరనూ విడిగా తెరిచి అందులో ఉన్నవన్నీ చదివింది. ఏడో పొరలో ఉంది తాళంచెవి, నాలుగు వరుసలూ చెక్కుచెదరకుండా. మ్యాపుల మూట తొమ్మిదో పొరలో ఉంది. తను రాసిన పందొమ్మిదో పొరలో మాత్రం అవే పేర్లతో, ముందు ఒక చిన్న గుర్తు తగిలించిన రెండు ఖాళీ ఫైళ్ళు ఉన్నాయి. ఇది లేదనుకోండి, అని చెప్పే గుర్తు అది. నడిచే పెట్టె ఆ గుర్తును మన్నించి కింద ఉన్నదాన్ని చూపించదు. విప్పి చూసేవాడికి ఆ మర్యాద అక్కర్లేదు.

తనిఖీ ఆయన చూసిందీ నిజమే, ఆవిడ డిలీట్ చేసిందీ నిజమే.

మరి తొమ్మిదేళ్ళుగా ఇది ఎందుకు జరగలేదు? ఇర్మెలి పాత ఫైలు తీసి చూసుకుంది. ఫిబ్రవరి దాకా ఆ పనంతా ఒకే వరుసలో ఉండేది: తాళంచెవి తెచ్చి, మూట దించి, విప్పి, రెంటినీ డిలీట్ చేసి, అప్పుడే వరుస ముగిసేది. పొర గట్టిపడేలోపే చెత్త బయటికి పోయేది. 2017లో ఆవిడే అలా రాసింది. మార్చిలో ఏలిస్ ఆ పొడుగాటి వరుసను, చదవడానికి కళ్ళు పోతున్నాయని, ముక్కలుగా విడగొట్టాడు.

ఆ రోజు సమావేశం ఆవిడకు గుర్తుంది. అది గుర్తొచ్చి మొహం వేడెక్కింది. మా అడవుల్లో తాళం లేని గుడిసెలుంటాయి, దారిన పోయేవాళ్ళెవరైనా పడుకోవచ్చు. వెళ్ళేముందు పొయ్యిలో బూడిద తీసి, నేల ఊడ్చి, తర్వాత వచ్చేవాళ్ళకు ఎండు కట్టెలు పేర్చి తలుపేసి పోవాలి. నడక వచ్చినప్పటి నుంచీ నేర్పే మర్యాద అది. ఏలిస్ కూడా బాగా అడవులు తిరిగే మనిషే. "మధ్యమధ్యలో ఊడవడం ఎందుకు, గుడిసెలో లాగా అంతా అయ్యాక ఒక్కసారే ఊడ్చి తలుపేద్దాం. ఆ ఆఖరి వరుస ఇర్మెలే రాయాలి, ఆమె చెయ్యి శుభ్రం," అన్నాడు. గదిలో పన్నెండు తలలూ ఊగాయి. ఇంకే ఊళ్ళోనైనా ఎవరో ఒకరికి అనుమానం వచ్చేది. మా వాళ్ళకు రాలేదు, అంత చక్కగా తోచింది ఆ మాట. ఊగిన తలల్లో ఇర్మెలిది కూడా ఉంది.

గురువారం తొమ్మిదింటి కాఫీకి అందరూ వచ్చారు. ఇర్మెలి పొరలన్నిటినీ గోడ తెర మీద విప్పింది. ఏడోది చూపించింది. పందొమ్మిదోది చూపించింది. బరువులు చూపించింది. ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు.

"అంటే..." అన్నాడు ఓస్కారి, "డిలీట్ చేస్తే డిలీట్ అవ్వదా?"

"పై పొరలో చేస్తే కింది పొరలోది పోదు. కనబడకుండా ఉంటుందంతే. తెచ్చిన పొరలోనే తీసెయ్యాలి. అసలు లోపల పెట్టకపోతే ఇంకా మంచిది."

"తివాచీ కిందకి నెట్టినట్టు," అంది మర్యుక్క. "మా అత్తగారు చేసేది. చచ్చేదాకా ఇల్లు శుభ్రమనే చెప్పుకుంది."

ఎవరో నవ్వారు. ఇర్మెలి నవ్వలేదు.

తెరలో ఏలిస్ రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నాడు. "విడగొట్టింది నేను," అన్నాడు. "నాకు తెలిసుండాలి. అది నేను చదువుకున్న విషయమే. గుడిసె మాట అనేసరికి నాకే ముద్దొచ్చి, ఇంక ఆలోచించలేదు."

"నువ్వు విడగొట్టావ్. నేను తలూపాను, వరుస రాశాను. నా వంతు నేను ఒప్పుకుంటా," అంది ఇర్మెలి. అప్పుడు ఓస్కారి వైపు తిరిగింది. "నువ్వూ ఊపావ్. ఈ గదిలో అందరూ ఊపారు. కాగితం మాత్రం నా ఒక్కదానికే వచ్చింది. అదీ, ఊపినందుకు కాదు. డిలీట్ చెయ్యలేదని. అబద్ధమాడానని. ఒక్కసారి నా బల్ల దగ్గరకొచ్చి, ఇర్మెలి, ఇదెలా జరిగింది అని అడిగావా? నాలుగో తారీఖు ఉత్తరం వస్తే ఎనిమిదో తారీఖుకి తీర్పు. మిల్లులో పాడైన కాగితపు చుట్టని కూడా మూడుసార్లు తూచేవాళ్ళం, పక్కన పడేసే ముందు."

ఓస్కారి కప్పు బల్ల మీద పెట్టాడు. "నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు.

"ఎక్కడ చదివావో అక్కడే వెనక్కి తీసుకో. నా ఉద్యోగపు ఫైలులోంచి తీసెయ్. ఆ తర్వాత మాట్లాడదాం. ఈ లోపల తాళం మార్చు. అది నీకోసం ఆగేది కాదు."

తాళం ఆ మధ్యాహ్నమే మారింది. బయటికి వెళ్ళిపోయిన పెట్టెలను ఎవరూ ఊడ్చలేరు. వాటిలో ఉన్న తాళంచెవి దేన్నీ తెరవకుండా చెయ్యడం ఒక్కటే దారి. శుక్రవారం సాయంత్రానికి ఇర్మెలి పధ్నాలుగు పట్టణాలకూ కొత్త పెట్టెలు కట్టింది. ఈసారి తాళంచెవిని ఏ పొరలోనూ పెట్టలేదు; మ్యాపులు తెచ్చే వరుస నడిచినంతసేపూ అరువిచ్చి, వెంటనే లాక్కునేలా రాసింది. కట్టే హక్కు ఆవిడకు ఇంకా తిరిగి రాలేదు కనుక, కట్టమని ఓస్కారి ఒక చీటీ రాసి సంతకం పెట్టాల్సి వచ్చింది. అవమానం దిగమింగి ఆవిడ ఆ పని చేసింది ఓస్కారి కోసం కాదు. ఆ జాబితాలో ఉన్న ముసలివాళ్ళు ఆవిడకేమీ అపకారం చెయ్యలేదు.

జూన్ పదిహేను, సోమవారం. ఓస్కారి కూర్చునే చదివాడు, నువ్వు అనే అన్నాడు. "ఇర్మెలి, నీకిచ్చిన హెచ్చరిక తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. నీ పని నీకే ఉంది. అందరి ముందూ చదవడం ఇంకా పెద్ద తప్పు. క్షమించు." ఏలిస్ కూడా క్షమాపణ అడిగాడు. మర్యుక్క ప్రతి మాటా రాసుకుంది.

సమావేశం అయ్యాక ఓస్కారి తన కంప్యూటర్ తెర ఇర్మెలి వైపు తిప్పాడు. ఉద్యోగుల వివరాలుండే ఫైలు అది. ఆవిడ పేరు కింద, హెచ్చరిక ఉన్న చోట, 'తొలగించబడింది' అని ఉంది.

"చూశావా, పోయింది."

ఇర్మెలి కళ్ళద్దాలు పెట్టుకుంది. "పాత ప్రతులు అని ఒక బొత్తం ఉందిగా పక్కన. నొక్కు."

"ఎందుకు?"

"నొక్కు, ఓస్కారి."

నొక్కాడు. జూన్ ఎనిమిది నాటి కాగితం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తెర మీదికి వచ్చింది. డిలీట్ చెయ్యకుండా పంపినందుకు, అన్న ముక్కతో సహా.

"అది ఎవరు చూస్తారు చెప్పు," అన్నాడు ఓస్కారి.

"మన పెట్టెలు విప్పి ఎవరు చూస్తారనే అనుకున్నాం."

వెనక నిలబడ్డ మర్యుక్క, "నేను రాసుకుంటూనే ఉన్నా," అంది.

ఓస్కారి ఊలు నగరంలో ఉన్న మాతృసంస్థ సిబ్బంది విభాగానికి ఫోన్ చేశాడు. పాత ఫైలు అలా మధ్యలోంచి కత్తిరించడం కుదరదట, మొత్తం కొత్తగా తెరిచి, పాతదాన్ని నాశనం చేసి, ఆ సంగతి కాగితం మీద ఇవ్వాలట. వేసవి సెలవులు కదా, జూలై ముప్పై ఒకటి దాకా పడుతుందట. ఓస్కారి రిసీవరు మీద చెయ్యి అడ్డంపెట్టి, అంత అవసరమా అన్నట్టు ఇర్మెలి వైపు చూశాడు.

"తెరవమను," అంది ఇర్మెలి. "మొదటి వరుస నుంచి."

జూలై మూడున, సెలవుకు ముందటి ఆఖరి శుక్రవారం, ఇర్మెలి బల్ల సర్దుకుంది. మర్యుక్క వచ్చి బల్ల అంచున కూర్చుంది.

"ఆ కాగితం రాకపోతే ఏం చేస్తావే?"

"నేనొస్తాను. కూర్చుంటాను. కాఫీ తాగుతాను. నా పేరు మీద మాత్రం ఒక్క పెట్టె కూడా బయటికి పోదు. ఆ మాట ఓస్కారికి రాసే ఇచ్చాను. మొదటి మంచు అక్టోబరులో పడుతుంది. తొందర నాది కాదు."

"రాసిచ్చావా? ఏమన్నాడు?"

"నేను సెలవు నుంచి తిరిగొచ్చేసరికి కాగితం తెచ్చి తనే నా బల్ల మీద పెడతానన్నాడు. చూద్దాం."

తర్వాత ఆవిడ, తనకు ఉత్తరాలు రాసేవాళ్ళందరికీ దానంతటదే వెళ్ళే జవాబును టైపు చేసింది. పధ్నాలుగు పట్టణాలవాళ్ళకూ, ఏలిస్‌కూ, ఊలులోని సిబ్బంది విభాగానికీ అదే వెళ్తుంది: ఇర్మెలి కెంపైనెన్ సెలవులో ఉన్నారు, తిరిగి పనిలోకి వచ్చేది 2026 ఆగస్టు 3, సోమవారం.